ఇల్లు వీడునపుడు సామాను విక్రయము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము శాస్త్రగ్రంథములలో గనబడునది కాదు. ఒక యింటిని విడిచి మరియొక యింటికి బోవునపుడు, వెంట గొనిపోవుటకు వీలుకాని సామానును ఏమి చేయవలెను, ఎవరికి ఎట్లు అమ్మవలెను, ఏది అమ్మరాదు అను నంశమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. వినుటకు చిన్న విషయమే. కాని తాతగారు కట్టించిన యింటిని మూడు వారములలో ఖాళీ చేయవలసివచ్చిన వానికి ఇది యెంత పెద్దదో నాకు క్రిందటి మాఘమాసమున దెలియవచ్చినది.

అమెరికాదేశమున నున్న మన తెలుగు బిడ్డలు చెప్పగా వింటిని. అచ్చట ఇల్లు మారువారు కారు నిలుపుకొను కొట్టపు తలుపులు తెరచి, తమకక్కరలేని కుర్చీలు, పాత్రలు, పుస్తకములు, పసిపిల్లల బండ్లు వాకిట బరచి, ఒక్కొక్కదానిపై వెలచీటి యంటించి, సెలవునాటి యుదయమున ఇరుగుపొరుగువారికి అమ్మివేయుదురట. దానిని గరాజుసేలు అందురట. అమ్మువానికి సిగ్గు లేదు. కొనువానికి చిన్నతనము లేదు.

మన యూళ్ల సంగతి వేరు. “ఫలానివాడు చెంబులమ్ముకొనుచున్నాడు” అనిన మాటకు మన భాషలో అర్థ మొక్కటే: వాడు చెడినాడని. ఇంటిలోని యిత్తడి గడప దాటుట దివాలాకు గుర్తుగా మనవా రెంచినారు. అప్పులవాండ్రు వచ్చి సామాను వీధిలో బడవేసిన దినములను చూచినవారికి ఆ భావము కలుగుట వింత కాదు. దాని ఫలితమేమనగా, పరువుగల గృహస్థు ఊరు విడుచునపుడు తన సామానును పగటివేళ పదిమందికి జూపి యమ్మడు. ప్రొద్దుగూకిన పిమ్మట పాతసామానువానిని పెరటిదారిని పిలిపించి, వాడు చెప్పిన తూకమునకు, వాడిచ్చిన వెలకు తలయూపి పంపివేయును. పరువు దక్కినదో లేదో గాని సొత్తు మాత్రము పోవును. నేనును అట్లే చేయబోయి, ఒక కాగితపు ముక్క వలన తప్పించుకొంటిని. ఆ కథ చెప్పెదను.

మాది కృష్ణా డెల్టాలో, బాపట్లకు సమీపమున నొక పల్లె. కుమారుడు హైదరాబాదులో మూడవ అంతస్తున వాటా కొనుక్కొని, “మీరిరువురును ఒంటరిగా నుండవలదు, వచ్చి నాయొద్ద నుండు”డని పట్టుపట్టినాడు. ఇల్లు బేరమైనది. మా వంటయింటి గంగాళము, వాని వంటయింటి ద్వారమున బట్టదు. పాతసామాను కొనువా డొకడు సాయంకాలమున వచ్చి, కొక్కెపు త్రాసునకు దానిని దగిలించి, “ఏడు కిలోలు” అనినాడు. సరే యనబోవుచుండగా, భోషాణపు అడుగున నదివరకే దొరికిన మా తాతగారి సామాను జాబితా జ్ఞప్తికి వచ్చినది. అందు “గంగాళము 1కి వీసెలు ఆరున్నర” అని వారి దస్తూరీతో నున్నది.

పెద్దలకు జ్ఞాపకముండును. వీసె యనగా నూటయిరువది తులములు. తులము 11.66 గ్రాములు. కావున వీసె దాదాపు 1.4 కిలోలు, ఎనిమిది వీసెల మణుగు 11.2 కిలోలు. ఈ లెక్కను ఆరున్నర వీసెలు 9.1 కిలోలగును. చింతపండును బూడిదయును బెట్టి డెబ్బదియేండ్లు తోమినను గంగాళము కొంచె మరుగునేమో గాని రెండు కిలోలు తరుగదు. లోపలికి బోయి, అంగడినుండి తెచ్చి విప్పక యుంచిన కిలో యుప్పు పొట్లములు రెండు తెచ్చి, సంచిలో వైచి ఆ కొక్కెమునకే తగిలించితిని. ముల్లు కిలోన్నర దాటి కొంచెము మాత్రమే కదలినది. వాడు త్రాసును పుచ్చుకొని, “స్ప్రింగు సడలినదండీ పంతులుగారూ” అనినాడు. స్ప్రింగు సడలినచో తూకము హెచ్చుగా జూపవలెను గాని తక్కువగా జూపదని నేను చెప్పలేదు. వాడు నా పూర్వవిద్యార్థి. ఇరువురమును సిగ్గుపడితిమి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వానిమీద కోపము వలన గాదు. చీకటిలో అమ్మదలచినది నేనే గదా! మరునా డుదయము వీధియరుగుమీద కూర్చుండి, వచ్చు ఆదివారము మా సామాను పగటిపూట, పందిరిక్రింద, అందరియెదుట అమ్మబడునని దారిని బోవు వారికెల్లను చెప్పితిని. కోవెల మైకులో చెప్పింతుమా యని యొకరడిగిరి. అంత వద్దంటిని.

ఇక విషయములోనికి వచ్చెదను. మొదట కాలనిర్ణయము. పంట యింటికి వచ్చిన పిదప, పెండ్లిండ్లు మొదలు కాకమునుపు అమ్ముట మేలు. ఆ సమయమున చేతిలో డబ్బుండును, పాత్రల యవసరమును ఉండును. సంతరోజున పెట్టిన యెడల ఊరిలో జనముండరు. శుక్రవారమునాడు ఇత్తడి, వెండి గడప దాటింపరాదని మన స్త్రీల నియమము. దీపము పెట్టిన తరువాత ఉప్పు, చీపురు ఈయరు. ఇది హేతువా, ఆచారమా యని వాదించుటకు ఇల్లు మారు సమయము తగినది కాదు. వారము మార్చుకొనుట సులభము.

రెండవది, ఏది ఎవరిదో తేల్చుకొనుట. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పవలెను. అమ్మదలచిన పాత్రలను వరుసగా పెట్టి పట్టిక వ్రాయుచుంటిని. అందు రెండు ఇత్తడి బిందెలు గలవు. నా భార్య గుమ్మమున నిలిచి చూచుచున్నదే గాని యేమియు ననలేదు. మూడవసారి కూడ ఆమె అట్లే నిలుచుట జూచి, బిందెను త్రిప్పి చూచితిని. మెడక్రింద చుక్కలతో చెక్కిన యక్షరములలో ఆమె తండ్రిగారి పేరును, మా పెండ్లి సంవత్సరమును గలవు. పాత్రలపై పేరు చెక్కించుట మన పూర్వుల యలవాటు గదా; అది యలంకారము కాదు, దస్తావేజు. పుట్టినింటివారు పెట్టినది స్త్రీధనము. యాజ్ఞవల్క్యస్మృతియు, దానిపై విజ్ఞానేశ్వరుని మితాక్షరయు ఈ విషయమును చర్చించినవి. 1956 నాటి హిందూవారసత్వ చట్టపు 14వ విభాగము స్త్రీ సొత్తునకు ఆమెయే సంపూర్ణ స్వామినియని చెప్పుచున్నది. మితాక్షరను పాఠము చెప్పినవాడను, బిందె త్రిప్పి చూడనైతిని. అడుగక అమ్మియుండిన యెడల ఆమె యేమియు ననెడిది కాదు. అదియే నాకు భయము గొలిపినది. ఒక బిందె మాతో హైదరాబాదు వచ్చినది. రెండవదానిని ఆమె తన చెల్లెలి కుమార్తెకు తానే యిచ్చినది.

కావున ప్రతి పాత్రను త్రిప్పి, పేరు చదివి, ఆ పేరుగలవారి సంతతి యుండిన వారికి కబురుపెట్టుడు. మా యింట మూడు పాత్రలు ఇతరులవి తేలినవి. ఏ పెండ్లికో ఎరువు తెచ్చి మరచినవి.

మూడవది, లోహముల భేదము. పాతసామానువాడు కంచును ఇత్తడి వెలకే తీసికొనిపోవుట సామాన్యముగా జరుగును. ఇత్తడి రాగియు యశదమును కలిసినది. కంచు రాగియు తగరమును కలిసినది, సుమారు నాలుగుపాళ్లు రాగికి ఒకపాలు తగరము. తగరము యశదముకంటె మిక్కిలి ప్రియము. కావున కంచు వెల హెచ్చు. గుర్తించు టెట్లనగా, పాత్రను వ్రేళ్లకొనలపై నిలిపి వ్రేలితో మీటుడు. కంచు గంటవలె చాలసేపు మ్రోగును. ఇత్తడి త్వరగా నణగిపోవును. ఇత్తడి దెబ్బకు సొట్టపడును, కంచు పగులును. పగిలిన కంచుముక్కను సైతము పారవేయకుడు. కరగి మరల పోతపోయుదురు. జర్మన్ వెండి యనబడుదానిలో వెండి యేమియు లేదు. అది రాగి, నికెలు, యశదముల మిశ్రమము. ఇత్తడివలె మెరయు వస్తువునకు అయస్కాంత మంటుకొనిన యెడల లోన ఇనుమున్నదని తెలిసికొనవలెను.

తూకమును మీకు మీరే పరీక్షించుకొనవచ్చును. లీటరు నీరు కిలో తూగును. తూచిన లీటరు పాత్ర యుండిన చాలును, త్రాసు నిజమో అబద్ధమో తేలిపోవును. రెండు సిబ్బెల త్రాసైనచో వస్తువును ఒకసారి కుడిసిబ్బెలో, ఒకసారి ఎడమసిబ్బెలో పెట్టి తూచుడు. రెండును సమానముగా రానియెడల దండము మోసపుదండము. అంకెలు చూపు విద్యుత్త్రాసునందు వస్తువు పెట్టకముందు సున్న యున్నదో లేదో చూచుకొనుడు.

అమ్ముటయందును ధర్మమున్నది. మా రాగి, ఇత్తడి గిన్నెలలో కొన్నిటికి కళాయి పోయినది. అట్టివానిలో చింతపండు పులుసు కాచిన యెడల చిలుము చేరి కడుపులో వికారము చేయును. కొనవచ్చిన ప్రతివానితో “కళాయి వేయింపక వంట చేయకుడు” అని చెప్పితిని. దానివలన వెల కొంత తగ్గినది.

ఇంకొక మాట. ఈ మాట యెవరును మరువకుందురు గాక. పురుగుమందుల ఖాళీ డబ్బాలు, సీసాలు అమ్మకుడు, ఊరక నీయకుడు. కడిగితిమని కొందరు వానిలో పప్పులును, నూనెయును, త్రాగునీరును పోసికొందురు. కడుగుటచే ఆ విషము పోదు. అడుగున మేకుతో రంధ్రము చేసి, ఎవరును వాడుటకు వీలు లేనట్లు చేయవలెను. మా కొట్టమున నాలుగు దొరికినవి. వానిని “బాగున్నవి, ఇయ్యండి” అని అడిగినవారు ముగ్గురు.

ఇక అమ్మరానివి. పాతకాగితములు. కాగితములవాడు కిలోలెక్కను కొనును, అందేమున్నదో వానికక్కరలేదు. మేము భోషాణమున జూచినంతలో, మా పొలమునకు సంబంధించిన పాత విక్రయపత్ర మొకటి, బ్యాంకి పుస్తకములు, ఆధారు చీటి నకళ్లు పంచాంగముల నడుమ గనబడినవి. పత్రములు పోయిన కష్టము మీకు దెలిసినదే. నకళ్లు పరులచేత బడిన కష్టము క్రొత్తది. వానిని చింపి కాల్చవలెను. పాత సెల్ఫోను నిచ్చివేయునపుడు సైతము అందలి లెక్కలు, చిత్రములు తుడిచివేసిన పిమ్మటనే యీయవలెను. మనుమలకు చెప్పిన చేసిపెట్టుదురు.

పాత పత్రికలు వేరు. మా తాతగారు దాచిన ‘భారతి’ సంచికలు కొన్ని యుండినవి. ఆ పత్రిక 1924లో ఆరంభమైనది. వానిని తూకమునకు వేయుటకు మనసొప్పలేదు. మాకు చేరువనే వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనము గలదు; పాత పత్రికలను భద్రపరచుటలో దానికి పేరున్నది. అక్కడ లేని సంచికలను వారు తీసికొనిరి, ఉన్నవానిని తిరిగి యిచ్చిరి.

తాళపత్రముల కట్టలు కొన్ని యిండ్లలో నింకను అటకలమీద నున్నవి. విప్పుటకు తొందరపడకుడు. తడిగుడ్డతో తుడువరాదు, జిగురు కాగితము అంటింపరాదు. నిమ్మగడ్డి నూనె పూయుట తెలిసినవారు చేయవలసిన పని. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్యపరిశోధన సంస్థవంటి చోట్ల వానిని భద్రపరతురు. ఇక్కడ చట్టమును తెలిసికొనవలెను. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పము, విగ్రహము, చిత్రము మొదలైనవియు, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతియు పురావస్తువులు. వానిని ప్రైవేటువారు విదేశములకు పంపరాదు. వాని వ్యాపారము చేయువానికి లైసెన్సు ఉండవలెను. “మీ పాతవిగ్రహమునకు ఎంతైన నిచ్చెద”నని కారులో వచ్చు అపరిచితునకు అమ్మిన యెడల, చిక్కు మీకును దగులును. పెరడు త్రవ్వునపుడు భూమిలో దొరికిన నిధిని గూర్చి 1878 నాటి చట్టమున్నది. పదిరూపాయలకు మించిన దానిని కలెక్టరునకు తెలుపవలయును.

మా దేవతార్చన సాలగ్రామములను నా తమ్ముని కుమారుడు స్వీకరించినాడు. వానికి వెలయను మాటయే లేదు.

ఇల్లు గూడ అమ్మినవారికి మరియొక తగవు రాగలదు, మాకు వచ్చినది. నడవలో ఇత్తడి గొలుసుల ఉయ్యాలబల్ల గలదు. నేను దానిని వెలచీటీతో పందిరిక్రింద పెట్టితిని. ఇల్లు కొన్నవారు వచ్చి, “అది యింటితో మాది” అనిరి. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టపు 8వ విభాగములో, ఇల్లు బదిలీయైనపుడు తాళములు, తాళపుచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో శాశ్వతముగా వాడుటకు ఏర్పరచిన తక్కిన వస్తువులును దానివెంట బోవునని యున్నది, వేరుగా వ్రాసికొనననాడు. ఉయ్యాల అందు జేరునా? వాదింపవచ్చును. నేల బాతిన రోలు నిస్సందేహముగా చేరును. నూతి గిలకయు, మోటారును వ్రాతలో తేల్చుకొనవలసినవి. బేరమునాడే కాగితముమీద “ఇవి ఇంటితో, ఇవి మావి” అని రెండు వరుసలు వ్రాసికొనిన యెడల ఈ గొడవ యుండెడిది కాదు. నేను వ్రాసికొనలేదు. బల్ల వారికి వదలి, గొలుసులు తీసికొంటిని. ఎవరికిని తృప్తి కలుగలేదు. బల్లలేని గొలుసులు నా కెందుకో నాకే తెలియదు.

వెల నిర్ణయించుట కొంచెము కష్టము. పరిచితులతో బేరమాడుట మనకు రాదు. కొత్తవెల చెప్పిన దురాశ, తక్కువవెల చెప్పిన జాలిగొన్నట్లు. నేను చేసిన దేమనగా, లోహపుపాత్రలకు బజారున పాతలోహపు వెల కనుగొని, తూకము గట్టి, దానిపై కొంచెము చేర్చి, చీటిమీద వ్రాసి, ధనికునకును బీదకును అదే యనితిని. కొనువానికి క్రొత్తపాత్రలో సగమునకే వచ్చును. అమ్మువానికి పాతసామానువా డిచ్చుదానికంటె హెచ్చు వచ్చును. నడుమనున్న లాభమును ఇరువురు పంచుకొందురు. టేకుమంచము, భోషాణము మొదలగువానికి కఱ్ఱపనివానిని పిలిపించి చెప్పించితిని. పుచ్చినదెక్కడనో వాడు చూపినంత బాగుగా మనము చూడలేము. కుంచము, మానిక, సోల, గిద్ద యను కొలపాత్రలు మాత్రము అమ్మలేదు. ఊరి బడికి ఇచ్చితిని. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము అని పిల్లలు నీటితో కొలిచి చూచుకొనుచున్నారట.

అరువు పెట్టరాదు. ఊరు విడిచిపోవువానికి బాకీ వసూలు దుర్లభము. బాకీపడినవానికి మనలను దలచుట కష్టము. ఇయ్యదలచిన ఉచితముగా నీయవలెను, లేదా రొక్కము పుచ్చుకొనవలెను. ఈ నియమమును నేనే తప్పితిని. కుట్టుయంత్రమును రెండువేల యైదువందలకు చీటి వ్రాసి పెట్టగా, భర్త లేని యొక యమ్మాయి వచ్చి, వేయిరూపాయ లిచ్చి, తక్కినది పంట పిదప నిచ్చెదననినది. ఉచితముగా తీసికొమ్మంటిని, ఒప్పుకొనలేదు. ఒప్పుకొనని దానిని ఏమి చేయగలను? తక్కినది రాలేదు. పోయిన నెలలో మా యూరినుండి వచ్చినవారు ఆమె ఇంట యంత్రము మ్రోగుచున్నదని చెప్పిరి. ఆమె నా పేరెత్తిన తల వంచుకొనుచున్నదనియు చెప్పిరి. గట్టిగా చెప్పి ఉచితముగనే యిచ్చియుండవలసినదో, యంత్రము నమ్మకయే యుండవలసినదో నాకిప్పటికిని తేలలేదు.

ఆదివారము ఉదయము ఏడుగంటలకే జనము చేరిరి. మొదటి గంట ఎవరును చేయి వేయలేదు. పరామర్శకు వచ్చినట్లు నిలిచి, “ఏల పోవుచున్నా”రని యడిగి, కాఫీ త్రాగిరి. అప్పుడు మా వీధి పెద్దమ్మగారు, ఎనుబదియేండ్లది, ఊరగాయ జాడీనొకదానిని ఎత్తి, మీటి చూచి, “పగులు లేదు, ఎంత?” అని అడిగినది. ఆ జాడీతో అమ్మకము మొదలైనది. మధ్యాహ్నమునకు పందిరి సగము ఖాళీ యయ్యెను. గంగాళమును కోవెలవారు అన్నదానమునకు గొనిరి. కోవెల త్రాసున తూచగా తొమ్మిది కిలోలకు నాలుగైదు గ్రాములు తక్కువ వచ్చినది. ఆ పాతసామానువాడును వచ్చెను. ఈసారి వేరొక త్రాసు తెచ్చెను. మిగిలిన యినుమును, విరిగిన కుర్చీలను వానికే తూచి యిచ్చితిని. నేను తూకము చూడలేదు. వాడే నన్ను పిలిచి ముల్లు చూపించినాడు.

సాయంకాలమునకు అమ్ముడుపోక మిగిలినది రోకలి యొక్కటి. రోలు ఇంటితో పోయినది గనుక రోకలి నెవరును అడుగలేదు. లారీలో పరుపుల నడుమ వైచి తెచ్చితిమి. ఇప్పుడది మూడవ అంతస్తున తలుపువెనుక నిలిచియున్నది.